తలపాగా రెండో కొస

ఇప్పటికీ ఎక్కడైనా బెల్లం ఉడుకుతున్న వాసన తగిలితే నాకు తాయాజీ గడ్డం గుర్తొస్తుంది. తాయాజీ అంటే మా నాన్నకు అన్న, గజ్జన్ సింగ్. పెళ్ళి చేసుకోలేదు. చలికాలమంతా చెరకు గానుగ దగ్గర పొయ్యి ముందు నిలబడి పాకం తిప్పేవాడు; ఆ వాసన గడ్డానికి పట్టేసేది.

పొద్దున్నే స్నానం, జపం అయ్యాక తలపాగాకని ఏడు గజాల నీలం మల్లు గుడ్డను తడిపి పిండేవాడు. ఒక కొస ఆయన చేతిలో, రెండోది నాన్న చేతిలో. వాకిలి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి మూలలు పట్టి లాగి, పొడవునా మడిచి, మళ్ళీ లాగేవాళ్ళు. తరవాత నాన్న గుడ్డకు తాయాజీ పట్టేవాడు.

"సరిగ్గా పట్టరా దీదార్. నిద్రలో బర్రె తోక పట్టినట్టు పట్టావ్," అనేవాడు తాయాజీ నాన్నతో.

"నువ్వు లాగే లాగుడుకి గుడ్డ కాదు, నేనే చిరుగుతా భాజీ," అనేవాడు నాన్న అన్నతో.

తలపాగా చుట్టుకోవడం అయ్యాక తాయాజీ అద్దం పక్కన పెట్టి ఒకే కథ చెప్పేవాడు. దేశం రెండైన ఏడు లాయల్‌పూర్ నుంచి వస్తూ మా తాత వాళ్ళు రావి నది దాటిన కథ. మగవాళ్ళు తలపాగాలు విప్పి, ముడివేసి, తాడు చేశారట. ఆడవాళ్ళూ పిల్లలూ దాన్ని పట్టుకునే ఒడ్డు చేరారు.

"బాపు నలుగురిలో ఉత్త తలతో ఉండగా నేను చూసింది ఆ ఒక్కరోజే," అనేవాడు తాయాజీ వాళ్ళ నాన్న గురించి. "సిగ్గుపడలేదు. గురువు ఇచ్చిందే ఇందుకురా, అన్నాడు."

ఒక వేసవిలో కాలవ నీళ్ళ వంతు దగ్గర అన్నదమ్ములకు చెడింది. తన వంతు అయిపోకముందే నాన్న మడవ తిప్పి నీళ్ళు మళ్ళించుకున్నాడని తాయాజీ కోపం. మాటా మాటా పెరిగి, వాకిలి మధ్య ఛాతీ ఎత్తున ఇటుక గోడ లేచింది.

నాన్న గుడ్డకు అమ్మ పట్టేది. తాయాజీ తన గుడ్డ రెండో కొసను గేటు గొళ్ళేనికి కట్టుకునేవాడు. గొళ్ళేనికి బిగించి పట్టడమే తెలుసు, ఎప్పుడు కాస్త వదలాలో తెలియదు. మడతలు మెలిపడేవి.

గురుద్వారాలో లంగరు భోజనాల పంక్తిలో ముసలి భాగ్ సింగ్ ఊరుకుంటాడా?

"గజ్జన్, నెత్తిన పిచిక గూడు పెట్టిందేంరా?"

"పెట్టనీ చాచా. అద్దె అడగనులే."

అందరూ నవ్వారు. ఎదుటి వరసలో నాన్న తన రొట్టె కేసే చూస్తూ ఉండిపోయాడు.

అమ్మ తాయాజీకీ పట్టేదే గాని, బావగారి ఎదుట ముసుగు తీసి నిలబడే అలవాటు మాలో లేదు.

"మీరే వెళ్ళి పట్టుకోరాదూ," అనేది నాన్నతో.

"పిలవమను."

తాయాజీ పిలవడు. రోజూ ప్రార్థనలో ఇద్దరూ చేతులు జోడించి మనసులు అణకువగా ఉండాలని వేడుకునేవాళ్ళు. ఇంటికొచ్చి చెరో గుమ్మంలోకి దూరేవాళ్ళు.

ఆ ఏడు కార్తీక పున్నమికి సరిహద్దు అవతల నన్‌కానా సాహిబ్ యాత్రకు వెళ్ళే జట్టులో తాయాజీకి చోటు దొరికింది. మా మొదటి గురువు పుట్టిన చోటు. తను పుట్టిన ఊరూ ఆ చుట్టుపక్కలే. బాపు చుట్టుకున్నట్టు చుట్టుకుని ఆ నేల మీద దిగాలని ఆయన కోరిక. ఊరందరికీ చెప్పాడు, నాన్నకు తప్ప.

బయల్దేరే పొద్దున చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు, మళ్ళీ విప్పాడు. వీధిలో ట్రాక్టర్ హారన్ కొడుతోంది. గోడకు ఇవతల నాన్న తలెత్తకుండా బర్రెకు మేత వేస్తున్నాడు. గోడ మీదుగా తడిగుడ్డ కొస వచ్చి ఆయన భుజం మీద పడింది.

నాన్న చేతులు తుడుచుకుని దాన్ని పట్టుకున్నాడు. లాగాడు. గుడ్డ ఇటుక అంచుకు తగులుకుంది.

"లాగకు! చిరుగుద్ది," అని అరిచాడు తాయాజీ.

"గోడ కట్టించిందెవరు?"

"ఇటుకలు మోసిందెవర్రా?"

నాన్న కొస వదిలేశాడు. ఆయన గేటు తీసుకుని, సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళి తాయాజీ వాకిట్లో నిలబడ్డాడు. ఇద్దరూ మూలలు పట్టి లాగారు. మడత సాపుగా పడింది.

"భాజీ, ఆ నీళ్ళ సంగతి..."

"వచ్చాక తిడతాలే. ముందు గట్టిగా పట్టు."

గోడను ఎవరూ పడగొట్టలేదు. అమ్మ దాని మీద బొంతలు ఆరేసేది. తాయాజీ ఉన్నన్నాళ్ళూ నాన్న మాత్రం పొద్దున్నే, జుట్టుకు చిన్న గుడ్డ చుట్టుకుని, తన తలపాగా గుడ్డ కూడా చంకన పెట్టుకుని సందులోంచి వెళ్ళేవాడు.