బర్ఫీ డబ్బల శాంపిల్ తీసిన

ఇగో, చాయ్ తాగుకుంట ఇనుండ్రి. ఇయ్యాల మీ ముంగట గిట్ల కూసొని మాట్లాడుతున్ననంటే అదంతా మా ఇంటామె సుజాత పుణ్యం, పక్కింటి ఆటో యాదగిరి పుణ్యం. లేకుంటే మొన్న హోళీ నాడే బర్ఫీ తిని పోతుంటి. నవ్వుండ్రి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తున్నది.

మీకు ఎర్కే గదా, నాది ఆర్మూర్‌ల పసుపు కమీషన్ దుకాణం, ఇల్లేమో పెర్కిట్‌ల. హోళీ అని దుకాణం బంద్ పెట్టిన. పొద్దున మహారాష్ట్ర నుంచి వచ్చే వ్యాపారి ఒకాయన ఇంటికొచ్చి పచ్చటి బర్ఫీ డబ్బ చేతుల పెట్టిండు. భంగు కలిపిందంట. ఒక్క ముక్క తిని ఆగుండ్రి సేట్, జర లేట్‌గ ఎక్కుతది అని చెప్పి మరీ పోయిండు. నాకు బీపీ ఉన్నదని ఆయనకు ఎర్కలేదు. నాకు ఎర్కే. కాని ఆకే గదా, ఏం జేస్తది అనుకున్న.

పై వరుసల ఒక ముక్క తిన్న. ఏం లేదు. జరసేపు టీవీ చూసిన, ఏం లేదు. ఇంకొకరైతే ఆడికి ఆగుదురు. నాది పసుపు బుద్ధి! బస్త మీద మంచి కొమ్ములు పరిచి అడుగున నాసిరకం నింపేటోళ్లను మస్తుమందిని చూసిన. పైన, నడిమిట్ల, అడుగున తీసి కొరికి చూసినంక గాని నేను రేటు మాట్లాడ. డబ్బకు సుత గదే పద్ధతి పెట్టిన. నడిమి వరుసల ఒకటి, అడుగు వరుసల ఒకటి తిని, మాల్‌ల దమ్ము లేదు సుజాతా అని తీర్పు సుత చెప్పిన.

ముందుగాల నాలుక ఎండింది. చెంబెడు నీళ్లు తాగినా ఎండుడు తగ్గలే. ఫ్యాన్‌ను చూస్తే నవ్వొచ్చింది, ఆపుదామంటే ఆగదు. బాత్రూంకు పోయొస్తే పూట గడిచినట్టు అనిపించింది, సుజాతేమో గిప్పుడే గదా పోయిండ్రు అంటది. అంతల గుండె దడదడ కొట్టుకునుడు షురువైంది. నవ్వు పోయి భయం పట్టుకున్నది. ఇగ అయిపోయింది నా పని అనుకున్న. అయినా చూడుండ్రి, దుకాణానికి తాళం ఏసిన్నో లేదో అని స్కూటర్ తాళంచెవి పట్టుకొని లేచిన.

సుజాత తలుపుకు అడ్డం నిలవడ్డది.

"చెవి గిటియ్యుండ్రి. మీరు గీ హాలత్‌ల హైవే ఎక్కితే నేను ఇంట్ల ఎట్ల కూసుంట?"

ఇచ్చిన. యాదగిరి పాపం మొఖం నిండ రంగుతోని స్నానానికి పోతుండె, గట్లనే ఆటో తీసిండు. ఆ మొఖం చూసి యముడే ఆటో తోలుతుండని నేను దారి పొడుగున ఏడ్చినంట.

దవాఖానల చిన్న వయసు డాక్టర్ మేడం ఉన్నది. కండ్లల్ల టార్చి కొట్టింది, ఛాతికి వైర్లు పెట్టి ఈసీజీ తీసింది, ఆఖరికి చిన్న సీసా చేతికిచ్చి బాత్రూంకు పంపింది. పైన, నడిమిట్ల, అడుగున! సెలైన్ ఎక్కుతుంటే నిమ్మళంగ చెప్పింది. తింటే లేట్‌గ ఎక్కుతదంట, ఏం కాలేదని ఇంకా తినేటోళ్లే ఇట్ల వస్తరంట. బీపీ ఉన్నోళ్లకు గుండె మీదికి రావచ్చునంట. ఆకే గదా మేడం అని గొణిగిన.

"గన్నేరు కూడా ఆకే అంకుల్," అన్నది.

పొద్దు గూకేవరకు మత్తు దిగింది. ఆ మేడం సల్లగుండాలె. రిపోర్టులు చూసి, బీపీకి తోడు షుగర్ కూడా మొదలైందమ్మా అని సుజాతకు చెప్పింది. సుజాత నన్ను పైనుంచి కిందిదాంక చూసింది.

"మాల్ నాసిదని నాకు ఎప్పుడో ఎర్కే మేడం. ఏం జేస్తం, మా అత్త వాపస్ తీసుకోదు."

అన్నది గాని, ఆటోల పట్టుకున్న నా చెయ్యి అప్పటిదాంక ఇడువలే.