ఐదో పుస్తకం రాకముందే

మా అక్కకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసేనాటికి నేను ఆ కథలో రెండో పుస్తకం చదువుతున్నాను. కోఠీలో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు పుస్తకాలవి. ఒక్కొక్కటి ఇటుకంత లావు. రాసినాయన ఎక్కడో దూరదేశంలో ఉండే పెద్దమనిషి. కథ మొత్తం ఆరు పుస్తకాల్లో చెబుతానని మొదటిదాంట్లోనే మాట ఇచ్చాడు. అప్పటికి నాలుగు వచ్చాయి.

మాది కొండాపూర్ మండలంలో ఒక ఊరు. అమ్మానాన్నలు పోయాక నేను పటాన్‌చెరులో అక్కాబావల దగ్గరే ఉండి డిగ్రీ చదివాను. అక్కడికి దగ్గర్లోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టుగా చేరి, వాళ్ళ వీధిలోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. అక్క సుల్తాన్‌పూర్‌లో సిరంజీల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. బావ బొంతపల్లి వైపు ఒక ఫ్యాక్టరీకి స్టాఫ్ బస్సు నడుపుతాడు.

జబ్బు బయటపడ్డాక అక్క పని మానేసింది. వారానికి మూడుసార్లు సంగారెడ్డికి డయాలసిస్‌కు పోవాలి. బావకు సెలవు దొరకదు కాబట్టి నేనే షిఫ్టులు మార్చుకుని తీసుకుపోయేవాణ్ణి. మొదట్లో అక్క ఆ బెడ్డు మీద పడుకుని పైకప్పు వైపు చూస్తూ ఉండేది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. ఒకరోజు తనే అడిగింది.

"ఏదన్న చెప్పు తమ్మీ. ఈ మిషిన్ సప్పుడు ఇనలేకపోతున్న."

"ఏం చెప్పాలె?"

"ఆ లావు పుస్తకంల ఏమున్నది? పొద్దంత దాంట్లనే తలకాయ పెడ్తవు."

చెప్పడం మొదలుపెట్టాను. కొండల అవతల ఒక రాజ్యం. రాజు మీద కోపంతో ఒక మంత్రగాడు ఆ దేశపు నదిని భూమిలోపల దాచేశాడు. ఊళ్ళు ఎండిపోయాయి. మేకలు కాసుకునే ఒక పిల్ల ఆ నదిని వెతకడానికి బయలుదేరింది. ఆ పిల్ల వెంట ఒక మూగ ముసలమ్మ, ఖాళీ బిందె చంకన పెట్టుకుని నడుస్తూ ఉంటుంది. ఆమె ఎవరో, ఎందుకు వెంట వస్తోందో ఎవరికీ తెలియదు.

అక్క నవ్వింది. "మంత్రగాడు లేకుండనే మన బోర్లు ఎండలేదా!"

ఆ రోజు నుంచి మిషన్ మొదలుకాగానే కథ మొదలయ్యేది. నేను ఇంటి దగ్గర చదివి, వచ్చి తెలుగులో చెప్పేవాణ్ణి. నా చిన్నప్పుడు అక్క వారపత్రికల్లో సీరియళ్ళు చదివి, చేనుకు పోయేటప్పుడు దారి పొడుగునా నాకు చెప్పేది. కాబట్టి కథ వినడం ఎలాగో ఆమెకు బాగా తెలుసు. ఎక్కడ ఆపి ప్రశ్న అడగాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలుసు. నేను తొందరలో ఏదైనా వదిలేస్తే పట్టుకునేది.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళు ఎక్కువ నీళ్ళు తాగకూడదు. రోజుకు ఇంత అని కొలిచి ఇస్తారు. వేసవిలో అక్క నోట్లో చిన్న ఐసు ముక్క పెట్టుకుని, అది కరిగేదాకా కళ్ళు మూసుకునేది. మేకల పిల్ల నేలకు చెవి ఆనించి లోపల పారే నది చప్పుడు వినే ఘట్టం రెండో పుస్తకంలో ఉంటుంది. అది నాతో ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు.

"ఇంకోపారి చెప్పు. నీళ్ళ సప్పుడు ఎట్లుండెనన్నవు?"

చెప్పేవాణ్ణి. రాసినాయన పెట్టిన మాటలు అయిపోతే మా ఊరి వాగు మాటలు కలిపి చెప్పేవాణ్ణి.

పక్క బెడ్డు మీద సదాశివపేట వైపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. కోడలు తీసుకొచ్చి దింపి, ఫ్యాక్టరీ పనికి పోయేది. కొన్నాళ్ళకు ఆయన కూడా మావైపు తిరిగి పడుకుని వినడం మొదలుపెట్టాడు. వినపడకపోతే, "జెర గట్టిగ చెప్పు బిడ్డా" అనేవాడు. ముసలమ్మ ఎవరనే దాని మీద అక్కకూ ఆయనకూ వాదన.

"ఆమె ఆ మంత్రగాని తల్లే. సూడు నువ్వు, ఆఖరుకు గదే ఎల్తది" అనేది అక్క.

"కాదు బిడ్డా. ఆమెకు మాటలొస్తయ్. కావాలనే మాట్లాడతలేదు" అనేవాడు పెద్దాయన.

ఆ రోజుల్లోనే ఆ కథను టీవీ సిరీస్‌గా తీశారు. మా ల్యాబులో, బస్సులో, క్యాంటీన్‌లో అదే మాట. అక్కకు చెబితే సంబరపడింది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కా, బావా, నేనూ కూర్చుని చూసేవాళ్ళం. టీవీలో వాళ్ళు మాట్లాడేది నేను తెలుగులో చెబుతూ ఉండేవాణ్ణి. మేకల పిల్ల అచ్చం తను అనుకున్నట్టే ఉందని అక్క మురిసిపోయింది. ముసలమ్మ కనిపించిన రోజు, "వచ్చింది సూడు నా తల్లి" అని చేతులు జోడించింది. బావకు కథ అంతగా పట్టేది కాదు. అక్క మొహం చూస్తూ కూర్చునేవాడు.

సిరీస్ ఏటా ఒక భాగం చొప్పున వచ్చింది. ఐదో పుస్తకం మాత్రం రాలేదు. ఈ సంవత్సరం అన్నాడు రాసినాయన. ఆ తర్వాత వచ్చే సంవత్సరం అన్నాడు. తర్వాత చెప్పడమే మానేశాడు. సిరీస్ నాలుగు పుస్తకాల కథనూ అవగొట్టి, రాయని కథలోకి దూకింది. ముగింపు ఆయన మాకు చెప్పాడు, దాని ప్రకారమే తీస్తున్నాం అన్నారు తీసేవాళ్ళు.

అది నేను అక్కకు చెప్పినప్పుడు ఆమె మొహం మాడ్చుకుంది.

"చెవుల చెప్పిన ముచ్చట, రాసిన ముచ్చట ఒక్కటెట్లయితది? ఇగ బంద్. ఆయన రాసినంకనే సూద్దాం."

"అందరు చూస్తుండ్రక్కా."

"సూడనియ్యి. నాకైతే ఎవ్వరు చెప్పొద్దు. నువ్వు గూడ సూడొద్దు. సూసినవంటే నీ మొఖంల తెలిసిపోతది నాకు."

నిజమే, తెలిసిపోతుంది. అందుకని నేనూ చూడలేదు. కంపెనీ బస్సులో కుర్రాళ్ళు దాని గురించి మాట్లాడుకుంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాణ్ణి. మా ల్యాబులో ఒడిశా కుర్రవాడు ఒకడుండేవాడు, నాకంటే పెద్ద పిచ్చి వాడికి ఆ కథంటే. ఒకరోజు టీ తాగుతూ, "భయ్యా, కల్ వాలా దేఖా? వో లడ్కీ..." అని నిన్నటి భాగం గురించి చెప్పబోతే కప్పు అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. వాడు నొచ్చుకున్నాడు. తర్వాత విషయం చెబితే ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నా కోపమంతా రాసినాయన మీద ఉండేది. ఫోన్‌లో ఆయన్ని తిట్టే వాళ్ళ గుంపులు ఉండేవి. వాటిని చదువుతూ కూర్చునేవాణ్ణి. ఆయన ఏదో సభలో నవ్వుతూ దిగిన ఫోటో కనబడితే ఒళ్ళు మండేది. ఇంట్లో కూర్చుని రాయకుండా ఊళ్ళు తిరుగుతున్నాడని అక్క దగ్గర ఎగిరాను.

"ఆయనకు గూడ పానం బాగుంటలేదేమో" అంది అక్క. "పెద్దమనిషి గదా. నువ్వు రోజు తిట్టుకుంట కూసుంటే ఆయన చెయ్యి నడుస్తదా?"

సిరీస్ చూడడం మానేసి అలా మూడేళ్ళు పైనే గడిచాయి. కిడ్నీ మార్పిడికి పేరు రాయించాం. నాది సరిపోలేదు, బావకు బీపీ, షుగర్ ఉన్నాయని వద్దన్నారు. నాలుగు పుస్తకాలూ ముందు నుంచి చివరిదాకా రెండోసారి చెప్పేశాను. పెద్దాయన మాత్రం మేం పోయినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"ఇగ ఆ పోరికి నది దొరికిందా?"

"ఇంకా పుస్తకం రాలేదు తాతా."

"ఎప్పుడొస్తది?"

"వస్తదంటుండ్రు."

ఒక మంగళవారం మేం పోయేసరికి ఆ బెడ్డు మీద వేరే ఎవరో ఉన్నారు. నర్సును అడిగితే పెద్దాయన ఆదివారం నాడే పోయాడని చెప్పింది. అక్క తన బెడ్డు మీద పడుకుంది. చెయ్యి చాపి సూదులు పెట్టించుకుంది. ఆ రోజు కథ చెప్పమనలేదు. నేనూ చెప్పలేదు. తిరిగి వస్తుంటే బస్సులో ముంబై రోడ్డు పొడుగునా కిటికీలోంచి బయటికే చూసింది.

రెండు వారాల తర్వాత, ఇంట్లో కూరగాయలు తరుగుతూ మామూలుగా అంది.

"ఆదివారం ఆ సీరియల్ పెట్టు. మనం ఆపేసినకాడికెంచి ఆఖరుదాక."

నేను విన్నది సరిగ్గానే విన్నానా అనిపించింది. "పుస్తకం రానియ్యి అక్కా. ఇన్నొద్దులు ఆగినం గదా."

"అది వచ్చినప్పుడు నువ్వు చదువుకో. నాకు ఇప్పుడు పెట్టు."

కత్తిపీట మీద వంకాయ తిరుగుతూనే ఉంది. ఆమె తల ఎత్తలేదు. వంటింటి గడప దగ్గర నిలబడ్డ నాకు అప్పుడు అర్థమైంది. డాక్టర్లు మాకు చెప్పనిది, మేం ఆమెకు చెప్పనిది, అన్నీ ఆమెకు తెలుసు. నేను సరేనన్నాను. గదికి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను.

ఆదివారం పొద్దుటి డ్యూటీని బావ కూడా మార్పించుకున్నాడు. అక్క ఓపికను బట్టి, మధ్యలో పడుకుంటూ, మళ్ళీ లేస్తూ, వరసగా కొన్ని ఆదివారాలు చూశాం. మొదట్లో పర్వాలేదనిపించింది. పోనుపోను వాళ్ళకు తొందర ఎక్కువైంది. పుస్తకాల్లో అయితే నెలలు పట్టే నడక ఇక్కడ ఒక్క పాటలో అయిపోతోంది. మనుషులు ఎందుకు మంచివాళ్ళవుతున్నారో, ఎందుకు చెడిపోతున్నారో తెలియదు. చివరికి మేకల పిల్ల మంత్రగాడితో కత్తి యుద్ధం చేసింది. ఏనాడూ కత్తి పట్టని పిల్ల! వాడు చచ్చాడు, భూమి పగిలింది, నది బయటికి వచ్చింది. పిల్లను సింహాసనం మీద కూర్చోబెట్టారు. అంతే.

పేర్లు పడుతున్నాయి. అక్క ఇంకా చూస్తోంది.

"ముసలామె ఏది?"

నేను టీవీ సౌండ్ తగ్గించాను.

"ఆమెను ఏం చేసిండ్రు తమ్మీ? సచ్చిపోయినట్టు గూడ సూపెట్టలే గదా. నేను నిద్రపోయినప్పుడు వచ్చిందా ఏంది?"

"లేదక్కా. మర్చిపోయిండ్రు."

"మర్చిపోయిండ్రా?" నమ్మలేనట్టు బావ వైపు చూసింది. బావ తల దించుకున్నాడు.

నాకు పట్టలేని కోపం వచ్చింది. తీసినవాళ్ళను, రాయనివాణ్ణి, అందరినీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇన్నేళ్ళు కాపాడుకుంటూ వచ్చి, దీనికోసమా అని అరిచాను. అక్క నన్ను అరవనిచ్చింది. తర్వాత మెల్లగా అంది.

"నీళ్ళయితే మంచిగ సూపెట్టిండ్రురా. గా నురుగు, గా సప్పుడు. ఊకో."

కాసేపాగి నేను ముసలమ్మ కథ ఇలా అయి ఉంటుందని మొదలుపెట్టబోయాను. ఆమె మంత్రగాడి తల్లే, చివర్లో బిందెలో మొదటి నీళ్ళు ముంచుకుంటుంది, అని ఏదో అల్లబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. నాకు తెల్వకుంటే తెల్వకపాయె. రాసినాయనకు ఎరుకనే గదా, అది సాలు."

ఆ వానాకాలంలోనే అక్కకు జ్వరం వచ్చింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయిందన్నారు. ఆసుపత్రిలో చేర్పించాం కానీ ఆమె నిలదొక్కుకోలేదు. నాతో చివరగా మాట్లాడింది కథ గురించి కాదు. "మీ బావకు బీపీ గోళీ యాదికుండదు. పొద్దుగాల ఫోన్ చేసి చెప్తుండు" అంది. సరేనన్నాను. ఆ సాయంత్రానికి మాట పడిపోయింది. మర్నాడు పొద్దున ఊరికి తీసుకుపోయాం.

కర్మలన్నీ అయ్యాక డ్యూటీలో చేరాను. వారంలో ఆ మూడు రోజులు చేతులు కట్టేసినట్టు ఉండేది. ఒకసారి అలవాటు కొద్దీ సంగారెడ్డి బస్సు ఎక్కి, కంది దాకా పోయి, దిగి వెనక్కి వచ్చాను. ఒడిశా కుర్రవాడు ఒకరోజు నా దగ్గరికి వచ్చి, ఇప్పుడైనా సిరీస్ ముగింపు చూశారా అని అడిగాడు. చూశానన్నాను. తనకు ఎంత కోపం వచ్చిందో, ఎక్కడెక్కడ పాడుచేశారో చెప్పుకుపోయాడు. పాపం, వాడికి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఎన్నాళ్ళనుంచో ఉంది. వింటూ కూర్చున్నాను. ఒకప్పుడైతే వాడితో కలిసి తిట్టేవాణ్ణి. ఆ కోపం నాలో ఎక్కడా దొరకలేదు.

రోజూ పొద్దున బావకు ఫోన్ చేస్తాను. గోళీ వేసుకున్నాడో లేదో అడుగుతాను. అంతకు మించి మాటలుండవు. మొన్న మాత్రం మధ్యాహ్నం పూట ఆయనే చేశాడు. గొంతులో తొందర ఉంది.

"బామ్మర్దీ, ఆ ఐదో పుస్తకం వచ్చిందట గద? మా బస్సుల పోరగాండ్లు ఫోన్ల అట్ట బొమ్మ సూపెట్టిండ్రు."

ఆ బొమ్మ నేనూ చూశాను. ఎవరో అభిమానులు సొంతంగా గీసుకున్న అట్ట. ఏటా ఒకసారి అలాంటిది తిరుగుతుంటుంది.

"అది ఉత్తదే బావా. ఇంకా రాలేదు."

అవతల బస్సు ఇంజను చప్పుడు, ఎవరో ఎక్కుతూ మాట్లాడుకుంటున్న మాటలు వినిపించాయి.

"గట్లనా. వచ్చిందేమో అనుకున్న. సరే, బస్సు తియ్యాలె" అని ఫోన్ పెట్టేశాడు.