ఉప్పునీటికి లొంగని జిగురు

మొన్న మా వంటింటి అలమర తలుపుకు అంచుచెక్క ఊడిపోతే ఓ కుర్ర వడ్రంగి వచ్చి, దుమ్మైనా తుడవకుండా గొట్టంలోంచి ఇంత జిగురు పిండి అతికించబోయాడు. ముందు పొడిగుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ఆ తర్వాత రాయమన్నాను. "మీకెందుకండీ మామ్మగారూ ఇవన్నీ!" అని నవ్వాడు. సరిగ్గా ఇలాంటి నవ్వే నా చిన్న వయసులో, కోడూరు అవతల ఏటి రేవులో విన్నదాన్ని కనుక కోపం రాలేదు గాని, తుడిచేదాకా మాత్రం అతన్ని వదల్లేదు.

నా పుట్టిల్లు చిలకలపూడి. నగల్లో రాళ్ళు నిలవడానికి లక్క కరిగించి పోసే పని మా ఇంట్లో ఆడవాళ్ళదే కాబట్టి, ఏది ఎంత వేడికి పట్టు వదులుతుందో వేళ్ళకే తెలిసిపోయేది. పెళ్ళయి దివిసీమ వచ్చేసరికి అత్తవారికి ఒక రేవు పడవ ఉంది. మామగారు పోయాక దాన్ని మా ఆయన నడిపేవారు. లంకలవాళ్ళు సంతకు రావాలన్నా, ఆదివారం మందిరానికి రావాలన్నా, కాన్పు కష్టమై ఆస్పత్రికి చేరాలన్నా ఆ పడవే ఎక్కాలి, లేదా అదే రేవులో ఉన్న మా పెదమామగారి పడవ ఎక్కాలి.

ఒక గాలివానకు మా పడవ రేవు గుంజలకు కొట్టుకుని అంచుపట్టీ అంతా ఊడిపోయింది. అంచుపట్టీ అంటే పడవ ఒరుసుకున్నప్పుడు దెబ్బ పలకలకు తగలకుండా చుట్టూ వేసే చెక్క. అది లేకుండా పడవను నీళ్ళలోకి దింపడానికి లేదు. దాన్ని కాపాడబోయి మా ఆయన చెయ్యి విరగ్గొట్టుకున్నారు. కొత్త మేకులు కొట్టిద్దామంటే పాత పలక చీలిపోతోంది. పెదమామగారు వచ్చి చూసి, ఇక దాన్ని వంటచెరుకు చేసుకోండని చెప్పి వెళ్ళారు. బావగారి ఎదుట గొంతెత్తడం ఎరగని మా అత్తగారు తలుపు చాటునే నిలబడి అంతా విని, ఆయన వెళ్ళాక నావైపు తిరిగి, "నగకు అతికించినదానివి, పడవకు అతికించలేవా అమ్మాయ్?" అన్నారు.

అప్పట్నుంచి మా వాకిలి వాసనలతో నిండిపోయింది. ముందుగా నాకు తెలిసిన లక్కతో చెక్కముక్కలు అతికించి రేవులో తాడుకట్టి వేలాడదీశాం. గుంజకు తగిలేసరికి అది పెళుసుగా విరిగింది. వడ్రంగులు ఉడికించి వాడే బంక నీళ్ళలో నాని జావైపోయింది. గుగ్గిలం నూనెలో కాచి రాస్తే నీటిని ఆపింది గాని, ఎండెక్కగానే మెత్తబడి పట్టీ జారిపోయింది. ముక్క ఊడి తేలినప్పుడల్లా పెదమామగారు తన పడవలో జనానికి చూపించి నవ్వేవారు, జనమూ నవ్వేవారు. అత్తగారు మాత్రం ఆ ముక్క తీసి ఆరబెట్టి మళ్ళీ నా చేతికిచ్చేవారు.

చివరికి ఒక్క చేత్తోనే బస్సెక్కి, పామర్రు మీదుగా గుడివాడ వెళ్ళి, మా ఆయన ఒక కొత్తరకం జిగురు తెచ్చారు. లారీల బాడీలు కట్టేచోట వాడతారట. రెండు డబ్బాలు, రెండూ కలిపితేనే గట్టిపడుతుంది. తీరా అతికిస్తే అదీ ఊడింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తెల్లారి ఊడిన ముక్కను నాలుకకు తాకించి చూశాను కదా, ఉప్పు! సముద్రపు పోటుకు ఏట్లోకి ఎక్కే ఉప్పునీళ్ళు చెక్కలో ఇంకి, ఆ ఉప్పే పట్టు దొరకనివ్వలేదు; తప్పు జిగురుది కాదు. పలకలన్నీ మంచినీళ్ళతో కడిగి, ఎండలో పొడిపొడిగా ఆరనిచ్చి, గరుకు తేలేదాకా అత్తాకోడళ్ళం రుద్దాం. పాత మేకుల కంతల్లో చెక్కచీలలు జిగురు రాసి దిగ్గొట్టాం. పట్టీని తాళ్ళతో బిగించి గట్టిపడేదాకా కదిలించలేదు.

పడవ దింపేరోజు పెదమామగారు గడ్డపార పట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళు అతికించిన పడవలో ఎవరి ప్రాణాలు పోతే ఎవరు జవాబు చెబుతారని అడుగుతూ, అందరూ చూస్తుండగా పట్టీ కింద గడ్డపార దూర్చి బలమంతా పెట్టి ఎత్తారు. ఫెళ్ళున చప్పుడైంది. చూస్తే చీలింది పట్టీచెక్క; అతుకు అతుకులాగే ఉంది.

అప్పుడు అత్తగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి, తలమీద కొంగు జారిపోయినా సర్దుకోకుండా, జీవితంలో మొదటిసారి ఆయన ముఖంలోకి చూసి మాట్లాడారు. "చెక్క విరగ్గొట్టారు బావగారూ, జిగురు ఊడగొట్టలేకపోయారు. రేపు పొద్దున్నకల్లా కొత్తచెక్క తెచ్చిపెట్టండి. అతికించుకోవడం మాకొచ్చు."

తెచ్చారు. మంచి టేకుచెక్క, అరుగు మీద పెట్టి వెళ్ళారు. ఆ వారమే పడవ దింపాం. అందరికంటే ముందు అత్తగారెక్కి నడిమి బల్లమీద కూర్చున్నారు. ఆ తర్వాత ఒక చంటిబిడ్డ తల్లి ఎక్కింది, ఆమె వెనకాల తక్కినవాళ్ళూ ఎక్కారు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నడిచిన ఆ పడవ వంతెనలు, రోడ్లు, బస్సులు వచ్చాక ఆగిపోయింది. బస్సులో హాయిగా వెళ్ళొచ్చేదాన్ని, వాటిని తప్పుపట్టను. కాని బస్సులో ఒకరి వీపు ఒకరు చూస్తూ కూర్చుంటాం. పడవలో ఎదురెదురుగా కూర్చుని, ఆ ఒడ్డు చేరేలోపు ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడక్కడ రేవే లేదు, రొయ్యల చెరువు గట్టుంది. ఈమధ్య వెళ్ళినప్పుడు ఆ చెరువు మనిషి, ఇక్కడ పడవలేమీ ఉండేవి కావండీ అన్నాడు. ఉండేదని, అది ఫలానావారి పడవని, మా అత్తగారి పేరుతో సహా, అతను చెవిన పెట్టేదాకా చెప్పి వచ్చాను.