హారతి పట్టిన నికెల్

అనకాపల్లి దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో లూర్దు మేరీ ల్యాబ్ అటెండరుగా చేరి తొమ్మిదేళ్లయింది. తొమ్మిదేళ్లూ తాత్కాలికమే. కొత్త ప్రాజెక్టు నెగ్గితే పర్మినెంటు చేస్తామని ప్రిన్సిపాలు మాటిచ్చాడు. నెగ్గించాల్సినవాడు ప్రొఫెసర్ త్రినాధరావు.

ఆయన పని భూమిని కాపాడడం. తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న తెల్లని పింగాణీ దిమ్మను కొలిమి గొట్టంలో పెట్టి, నికెల్ మందును ఆవిరి చేసి పంపితే రంధ్రాల గోడలకు పల్చని పొర పడుతుంది. భూమిని వేడెక్కించే వాయువులు ఆ పొర మీదుగా పోతే పనికొచ్చే ఇంధనంగా మారతాయి. మారాలి. కానీ కొలిమి కాగే వేళకే రోజూ కరెంటు పోయేది. దిమ్మ ఎంత తెల్లగా లోపలికి వెళ్లేదో అంత తెల్లగానూ బయటికి వచ్చేది. మేరీ దాన్ని ముందోసారి, తర్వాతోసారి తూచి రిజిస్టరులో రాసేది. "తేడా లేదు" అని రాసి రాసి ఆమె దస్తూరీ బాగుపడింది.

2006 దసరాకి ఆయుధపూజ చేశారు. త్రినాధరావు కొలిమికి దండ వేసి, అందులోంచి తీసిన దిమ్మను పళ్లెంలో నిలబెట్టి, దాని కిందే కర్పూరం వెలిగించి, మరిచిపోయిన మంత్రం గుర్తొచ్చేదాకా హారతి పట్టాడు. సెలవులయ్యాక వచ్చి చూస్తే రంధ్రాలన్నీ నల్లగా ఉన్నాయి. ఆయన కళ్లు చెమర్చాయి. ఆరునెలల తపస్సు ఫలించిందన్నాడు. మేరీ తూచింది. బరువు పెరిగింది.

"అది హారతి మసండి," అందామె.

"నికెల్ నల్లగానే ఉంటాది. పదో తరగతి సదివి నాకు సెప్తావా? ఉద్యోగం కావాలా, వద్దా?"

కావాలి. సంతకం పెట్టింది. కానీ ఎవరూ చదవని రిమార్కుల గడిలో, అలవాటు కొద్దీ, తెలుగులో ఒక ముక్క రాసింది: కర్పూర హారతి తరువాత తూచినది.

ప్రాజెక్టుకు డబ్బిచ్చేవాళ్ల తరఫున పరిశీలనకు వచ్చిన పెద్దమనిషిది పక్కనే ఉన్న మాడుగుల; తెలుగు బాగా చదువుతాడు. ఆయన, చూపించడానికి పెట్టిన గాజుపెట్టెలోంచి దిమ్మను తీయించి వేలితో రుద్దాడు. వేలు నల్లబడింది. వాసన చూశాడు. తప్పేదైనా ఉంటే అది తూచిన అటెండరుదేనని త్రినాధరావు వినయంగా మనవి చేశాడు. పెద్దమనిషి రిజిస్టరు తెప్పించి, ఆ గడి చదివి, నవ్వాపుకోలేక చాలాసేపు దగ్గాడు.

రిపోర్టులో రెండే మాటలు రాశాడు. ఈ ల్యాబులో నమ్మదగినది రిజిస్టరు ఒక్కటే. ఇకపై లూర్దు మేరీ తూచి సంతకం చేయని ఫలితమేదీ ఒప్పుకోరాదు. తాత్కాలిక ఉద్యోగి సంతకం చెల్లదని ఆఫీసు గుమస్తా గుర్తుచేశాడు. ప్రాజెక్టు బతకాలంటే ఆమెను పర్మినెంటు చేయక తప్పలేదు.

ఇప్పుడు త్రినాధరావే దిమ్మను పట్టుకొచ్చి త్రాసు దగ్గర నిలబడతాడు. మేరీ కళ్లజోడు తుడుచుకుని, దిమ్మను వేలితో ఒకసారి రుద్ది చూసి, నెమ్మదిగా అడుగుతుంది.

"ఏటండి, దీనికి పూజ అయినాదా, ఇంకా అవనేదా?"