నేను వినని కూత

కాణిపాకం వెళ్ళిన ప్రతిసారీ అవ్వ గుడి లోపలికి ఎందుకు రాదని మనవలు మీరిద్దరూ అడిగేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులన్నాను. ఇంకోసారి, చెప్పులు నేను చూసుకుంటాను, మీరు వెళ్ళి రండి అన్నాను. రెండూ అబద్ధాలే. మీ అమ్మ పుట్టక ముందు నుంచీ నా గుండెల మీద ఒక బరువు ఉంది. దాన్ని పెట్టుకుని ఆ దేవుడి ఎదుట నిలబడే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

ఇక దాచి లాభం లేదనిపించింది మొన్న నీ ఫోన్ వచ్చాకే, కీర్తనా. ఆటల కథ ఒకటి తీసుకుని అందులో నాయిక ఎవరు, సంఘర్షణ ఏది, పరాకాష్ఠ ఎక్కడ అని గుర్తించమన్నారట మీ బడిలో. ఆ కథ దేని నుంచి పుట్టిందో వెతికి, కళ్ళారా చూసినవాళ్ళను అడిగి రాయమన్నారట. నువ్వు నా కబడ్డీ నాటికను ఎంచుకున్నావు. ఎంత సంబరంగా చెప్పావో! "వేరే ఎవర్నీ వెతకక్కర్లేదు అవ్వా, సాక్షివి నువ్వే కదా" అన్నావు. పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద పాలు లేవు.

అవును, నేను అక్కడే ఉన్నాను. అదే నా పాపం.

అప్పుడు నేను చిత్తూరు దగ్గర ఒక పల్లె బడిలో తెలుగు టీచర్ని. కొత్తగా చేరాను. మా ఆడపిల్లల కబడ్డీ జట్టుకు మునిలక్ష్మి నాయకురాలు. సన్నగా, నల్లగా, చెరకు గడలా ఉండేది. కూతకు వెళ్ళిందంటే ఊపిరి ఎక్కడ దాచుకునేదో తెలియదు. అవతలి జట్టు మొత్తాన్నీ ఉడికించి, నవ్వుకుంటూ వెనక్కి వచ్చేది. ఆ పిల్లను చూసే నాకు నాటిక రాయాలనిపించింది. బడి వార్షికోత్సవానికి ఆడిద్దామనుకున్నాను. అంతా రాశాను, చివరి రంగం తప్ప. నాయిక నడిగీత దగ్గరికి వచ్చి, అందుకోబోయే క్షణంలో కూత తెగిపోవాలి. చూసేవాళ్ళు ఏడవాలి. అంతవరకూ నిర్ణయించుకున్నాను. ఆ చోట ఆమె నోట ఏ మాట పలికించాలన్నదే తేలలేదు.

అప్పుడే తిరుపతిలో పోటీలు వచ్చాయి. జట్టుతో నన్ను పంపించారు. చివరి ఆట శ్రీకాళహస్తి వైపు పిల్లలతో. అందులో బాగా ఆడినవాళ్ళకు ఆటల హాస్టల్లో సీటిస్తారని చెప్పారు. మునిలక్ష్మికి అది ఆట కాదు, చదువు. సీటు వస్తే చదివిస్తాను, లేదంటే వేరుశనగ చేలోకి రావాలి అని వాళ్ళ నాయన ఖరాఖండిగా చెప్పి పంపించాడు.

ఆఖరి కూతకు మునిలక్ష్మే వెళ్ళింది. ఇద్దరిని తాకింది. వెనక్కి తిరిగేలోపు ఒకమ్మాయి కాలు పట్టేసింది. ఇంకో ఇద్దరు మీద పడ్డారు. మట్టిలో బోర్లా పడి, పాకుతూ పాకుతూ చెయ్యి చాచి నడిగీతను అందుకుంది. చుట్టూ జనం అరుపులు. కూత ఉండగా గీత అందుకుందా, తెగాక అందుకుందా? రెఫరీ అవతలి పక్క ఉన్నాడు. ఆయనకు వినబడలేదు. నేను గీత పక్కనే, వంగితే ఆ పిల్ల జడ అందేంత దగ్గర్లో ఉన్నాను. ఆయన ఈల నోట్లోంచి తీసి నావైపు తిరిగాడు.

"టీచరమ్మా, మీరు ఈడనే ఉండారు గదా. కూత ఉన్నిందా, తెగిందా?"

నేను వినలేదు.

కళ్ళు ఆట మీదే ఉన్నాయి. చెవులు మాత్రం నా నాటికలో ఉన్నాయి. ఆ పిల్ల అలా పాకుతుంటే, ఆహా, నా చివరి రంగం ఇదే కదా అనుకుంటున్నాను. నాయిక నోట పలికించాల్సిన మాట కోసం వెతుక్కుంటున్నాను. అంత దగ్గర్లో ఒక ఆడపిల్ల తన ఊపిరంతా పెట్టి కూస్తుంటే నేను మాటలు పేర్చుకుంటున్నాను.

వినలేదండీ అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. అందరూ నన్నే చూస్తున్నారు. పాఠం వినని పిల్లల్ని బెంచీ ఎక్కించేదాన్ని, నేనే వినలేదని ఎలా చెప్పేది? అదొక్కటే కారణమా? ఏమో. నా మనసులో అప్పటికే ఆ కూత తెగిపోయి ఉంది. నేనే తెంపి పెట్టుకున్నాను. అదే నోట్లోంచి వచ్చేసింది.

"తెగింది" అన్నాను.

సొంత టీచరే ఆ మాట అన్నాక ఇంకెవరు కాదంటారు? ఎదుటి జట్టు పిల్లలు ఎగిరి గంతులేశారు. మునిలక్ష్మి లేచి మట్టి కూడా దులుపుకోకుండా నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. నేను తనను ఏదో ఆట పట్టిస్తున్నానని, ఇంకాసేపటికి నవ్వేస్తానని ఎదురుచూస్తున్నట్టు చూసింది.

సీటు రాలేదు. తర్వాతి వారం నుంచి బడికి రాలేదు. ఒకరోజు సాయంత్రం మాత్రం బస్సు దగ్గర నాకోసం కాచుకుని ఉంది.

"టీచరమ్మా, కాణిపాకం పోదాం రాండి. తెగిందని ఆ సామి ముందర ఒక్క తూరి సెప్పండి. ఇంగ నేను నోరెత్తను."

మా వైపు సంగతి మీకు తెలియదు. ఇద్దరి మాట పొసగకపోతే కాణిపాకం పోదాం రమ్మంటారు. తలస్నానం చేసి, తడిబట్టలతో ఆ వినాయకుడి ముందు ప్రమాణం చేయాలి. ఎంత మొండివాళ్ళైనా అక్కడ అబద్ధం ఆడటానికి భయపడతారు. పెద్దవాళ్ళు పొలం గట్ల తగాదాలకు పోతారు. ఆ పిల్ల ఒక కూత కోసం రమ్మంది.

"ఆటన్నాక గెలుపూ ఉంటుంది, ఓటమీ ఉంటుంది. దానికి దేవుడి దాకా ఎందుకమ్మా?" అన్నాను. ఎంత మెత్తగా అన్నానో.

"ఆట కోసరం కాదు టీచరమ్మా. మా నాయన కోసరం. మీ టీచరే సెప్పినాక నువ్వు అబద్ధమాడతావా అంటా ఉండాడు."

బస్సు వచ్చింది. ఎక్కేశాను.

ఇంకా చెప్పాల్సింది ఉంది. ఆ నాటిక పూర్తి చేశాను. చివరి రంగంలో నాయిక తలవంచుకుని, కూత తెగిన మాట నిజమే అని ఒప్పుకుంటుంది. జనం కళ్ళు తుడుచుకున్నారు. నాకు శాలువా కప్పారు. తర్వాత ఎన్నో ఏళ్ళు దాంతోనే పాఠం చెప్పాను. ఇదిగో సంఘర్షణ, ఇదిగో పరాకాష్ఠ, దీన్ని విషాదాంతం అంటారు అని నల్లబల్ల మీద రాశాను. ఏ సంగతైనా కళ్ళతో చూసినవాళ్ళను, చెవులతో విన్నవాళ్ళను అడిగి తెలుసుకోండి అని కూడా చెప్పాను. సుద్దముక్క చేతిలో పట్టుకుని ఎలా చెప్పగలిగాను? తాను కాదన్న తప్పును ఆ పిల్ల చేత ఒప్పించాను. చేసినదాన్ని, నేను ఒప్పుకోలేదు. చుట్టుపక్కల బళ్ళన్నీ ఆ నాటిక ఆడుతుంటే ఊళ్ళో ఆమెను కూత తెగిన మునిలక్ష్మి అనేవాళ్ళట. పెళ్ళయ్యాక కూడా.

కిందటేడు ఎండాకాలం సెలవుల్లో మీరు లోపలికి వెళ్ళినప్పుడు చూశాను ఆమెను. గుడి బయట గరిక దండలు కడుతోంది. జుట్టు నెరిసింది. కొంగు తల మీదికి లాక్కుని పక్కకు తిరిగాను. మీరు బయటికి వచ్చి, ఎండ తగిలిందా అవ్వా అని అడిగారు.

నీ ఫోన్ వచ్చిన మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళాను. ఆమె ముందు కూర్చున్నాను. గుర్తుపట్టింది. ఆ రోజు నేను వినలేదు మునిలక్ష్మీ, వినకుండానే చెప్పాను అన్నాను. ఇంతే అన్నాను. దారంతా అనుకున్న మాటలేవీ రాలేదు.

దండ కట్టడం ఆపింది. గరిక పోచలు చేతిలో అలాగే ఉన్నాయి.

"మా నాయన పోయినాడు టీచరమ్మా. ఇంగ ఎవురికి సెప్తారు?" అంది.

తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. ఎవరో దండ అడిగితే అటు తిరిగింది. నేను లేచి వచ్చేశాను. గుడిలోకి ఆ రోజు కూడా వెళ్ళలేదు.

ఆమె కూత నిజంగా తెగిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు తల్లీ. ఆమెకు తెలుసు. తెగలేదని ఆమె చెప్పింది. ఎవరూ నమ్మకుండా చేసింది నేను. నీ బడి పనిలో ఆమె మాట ముందు రాయి. దాని కింద, అవ్వ పక్కనే నిలబడి ఉంది, కానీ వినలేదు అని రాయి. మీ టీచర్ మార్కులు తగ్గిస్తే తగ్గించనీ.

ఎవరికి చెప్తారు అని అడిగింది కదా. ఆమె నాయనకు చెప్పలేను. మీకు చెప్పాను.