పదమూడో తారీఖు శుక్రవారం

నేనూ నా స్నేహితురాలూ కలిసి నాయుడుపేటలో టైలరింగ్ షాపు పెట్టుకున్నాం. తెరవడానికి రోజు కుదరడమే పెద్ద పనైంది. మా అత్త సేద్యపు ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. పంచాంగం చూడనిదే నారు కూడా పోయించదు. మంగళవారం వద్దంది, శనివారం వద్దంది. స్నేహితురాలి వాళ్లు క్రైస్తవులు, ఆదివారం వాళ్లకు చర్చి. చివరికి శుక్రవారం ఖాయమైంది. లక్ష్మీదేవికి ఇష్టమైన రోజనీ, పదిన్నరకు రాహుకాలం మొదలవుతుంది గనుక పదిలోపు తలుపులు తీయాలనీ అత్త తేల్చేసింది.

మూడు రోజుల ముందు స్నేహితురాలు ముఖం వేలాడేసుకుని వచ్చింది. కృష్ణపట్నం పోర్టులో పనిచేసే వాళ్ల తమ్ముడు ఫోను చేశాడట. ఆ శుక్రవారం పదమూడో తారీఖనీ, ఓడల్లో వచ్చే విదేశీయుల్లో కొందరు ఆ రోజంటే హడలిపోతారనీ చెప్పాడట. ఫోనులో నవ్వేసింది గానీ, తర్వాత మనసంతా అదే.

శుక్రవారాన్ని ఎవరైనా చెడ్డదనడం మా అత్త పుట్టి బుద్ధెరిగాక వినలేదు. వెంటనే నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి బయల్దేరింది. స్నేహితురాలి నాన్న చాలా ఏళ్లు పాస్టరుగా చేసిన పెద్దాయన. మేమంతా అయ్యగారనే పిలుస్తాం.

“శుక్రవారం ఏం పాపం చేసిందయ్యగారూ?” అంది అత్త, ఇంకా కూర్చోకముందే.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. సిలువకు ముందు రాత్రి ప్రభువు పన్నెండుమంది శిష్యులతో భోజనానికి కూర్చున్నాడు. ఆయనతో కలిపి పదమూడుమంది. అందులో ఒకడే ఆయన్ని పట్టించాడు. మరునాడు సిలువ వేశారు, అది శుక్రవారం. ఆ అంకె మీదా ఆ వారం మీదా భయం అలా పుట్టి ఉండవచ్చని కొందరంటారట. అవునో కాదో తనకూ తెలియదన్నాడు.

“బైబిల్లో అయితే యాడా లేదమ్మా. తర్వాత ఎవురో జత చేసినారు. ఆ శుక్రవారాన్ని మేం శుభ శుక్రవారమనే అంటాం.”

“శుభమని మీరే అంటా, మళ్లా బయమేంది?” అంది అత్త.

ఆయన నవ్వి, మరి మంగళవారం చేసిన తప్పేమిటని అడిగాడు. అది కుజుడి వారమనీ, ఆయన ఎర్రటివాడు, కోపిష్టి అనీ అత్త చెప్పింది. పేరులోనే మంగళం ఉంది కదా అన్నాడాయన. ఇన్నేళ్లూ ఆ సంగతి తట్టనేలేదని అత్త ఒప్పుకుంది. ఇద్దరూ నవ్వుకుంటూ కాఫీ తాగారు.

శుక్రవారం పొద్దున అత్త కొబ్బరికాయ కొట్టింది, అయ్యగారు ప్రార్థన చేశారు. నా స్నేహితురాలు మిషను ముందు కూర్చుని స్విచ్ వేసిందో లేదో, కరెంటు పోయింది. ఆమె ముఖం పాలిపోయింది. నాకూ భయమేసింది, బయటపడలేదంతే.

కరెంటు బజారంతా పోయింది. మిక్సీలు ఆగి, టీవీలు ఆగి, ఉక్కపోతకు ఆడవాళ్లంతా బయటికొచ్చారు. మా షాపు గుమ్మంలో కాస్త గాలి ఆడుతుండటంతో వచ్చి కూర్చున్నారు. ఊరికే కూర్చోవడమెందుకని ఒకామె జాకెట్టు కొలతలిచ్చింది. ఆమెను చూసి పక్కామె ఇంటికెళ్లి గుడ్డ తెచ్చింది. స్నేహితురాలు టేపు పట్టింది, నేను చీటీలు రాశాను. మధ్యాహ్నానికి బల్ల నిండిపోయింది.

అప్పుడు కరెంటు వచ్చింది. ఫ్యాను గిర్రున తిరిగి చీటీలన్నీ రోడ్డు మీదికి ఎగిరిపోయాయి. అయ్యగారు, అత్త, మేము, కొలతలిచ్చినవాళ్లు అందరం వాటి వెంట పరిగెత్తాం. ఒక్క చీటీ మాత్రం దొరకలేదు. ఆ చీటీ తాలూకు ఆమె నవ్వుతూ వచ్చి మళ్లీ చేతులు చాపి నిలబడింది.