ఉర్లగడ్డ తప్పు, బంగాళాదుంప ఒప్పు

1979. పుంగనూరు బస్టాండు వెనక కూరగాయల అంగళ్ల వరసలో మాది చివరి నుంచి రెండోది. మా ఆయన తెల్లారకముందే మదనపల్లె మండీకి, అంటే రైతులు తెచ్చిన సరుకు వేలం వేసే చోటికి పోయి, బస్సు మీద మూటలేసుకుని వచ్చేవాడు. తూకం, బేరం, నోరు నావి. మా వ్యాపారంలో నోటికే పని ఎక్కువ. కన్నడంవాళ్లు ఈరుళ్ళి అంటారు, అరవంవాళ్లు వెంగాయం అంటారు, సాయిబుల ఇళ్లలో ప్యాజ్ అంటారు, మేం ఎర్రగడ్డ అంటాం. ఎవరేమన్నా నా చెయ్యి పోయేది ఒకే బుట్టలోకి. కుప్పం దగ్గర పుట్టినదాన్ని కాబట్టి ఈ భాషలన్నీ నాకు ఉగ్గుపాలతోనే వచ్చాయి. అడిగినవాళ్ల మాట తప్పని నేనెప్పుడూ అనలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతే ఇది.

మా నాగరత్న అప్పుడు సర్కారు హైస్కూల్లో ఆరో తరగతి. నేను అయిదుతో ఆపేసినదాన్ని. అది పది పాసై తీరాలని నా పంతం. క్వార్టర్లీ పరీక్షలో 'మా ఊరి సంత' మీద వ్యాసం రాయమన్నారు. తక్కెడ పక్కన పెరిగిన పిల్లకు సంత గురించి ఒకరు చెప్పాలా? రెండు పేజీలు రాసింది. పదికి మూడు వచ్చాయి. ఎర్రగడ్డకు ఎర్ర ఇంకుతో సున్న చుట్టి 'ఉల్లిపాయ' అని దిద్దారు. ఉర్లగడ్డకు సున్న, పైన 'బంగాళాదుంప'. గెనుసుగడ్డకు సున్న, పైన 'చిలగడదుంప'. 'ఉంది' అనకుండా 'ఉండాది' అన్నందుకు రెండు సున్నలు. దిద్దినవారు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన తెలుగు మాస్టారు కామేశ్వరరావుగారు. ఆయన ఆ పేపరు క్లాసులో పైకి చదివి, "ఇది వ్యాసమా, గడ్డల బస్తానా?" అన్నారట. పిల్లలకు అంతకంటే ఏం కావాలి? మర్నాటి నుంచి మా పిల్ల 'గడ్డల రత్న' అయింది.

అప్పటి నుంచి అది క్లాసులో నోరు విప్పడం మానేసింది. దసరా సెలవులు అయిపోయినా పుస్తకాల సంచి గోడమేకుకే వేలాడుతోంది. "నేను బడికి పోను మా. అంగట్లోనే కూసుంటా. ఈడైతే ఎవురూ నగరు" అంది. మా ఆయన, "రానీలే, తక్కెడ పట్టేదానికి ఒక మనిషి అవుతాది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లెక్క తప్పితే సున్న పెట్టండి, పద్యం రాకపోతే బెంచీ ఎక్కించండి. అమ్మ వండిన కూరకు అమ్మ చెప్పిన పేరు రాస్తే తప్పెట్లా అవుతుంది?

బడికి పోయి హెడ్మాస్టరుగారినే అడిగాను. ఆయన మా పక్క మనిషే.

"నేనేం చేసేదమ్మా, సిలబస్సు పైనుంచి వస్తాది" అన్నారు. సిలబస్సు అంటే, మన పిల్లలు ఏం చదవాలో మన పిల్లల్ని చూడనివాళ్లు రాసి పంపేది.

"పైనంటే యాడ సార్?"

"హైదరాబాదు."

"ఆడ ఉర్లగడ్డ తినరా?"

"యాల తినరు? ఆలుగడ్డ అంటారు."

"అయితే బంగాళాదుంప వాళ్ల మాట కూడా కాదే! మరి ఆ పుస్తకం ఎవురి కోసం సార్?"

ఆయన బెల్లు కొట్టమని ప్యూన్‌ను కేకేశారు. ఇంకా టైము కాలేదని ప్యూనే చెప్పాడు.

ఆ వారంలోనే మాస్టారు సంచి పట్టుకుని మా అంగడికి వచ్చారు. అన్నాళ్లూ మెస్సులో తిన్నారు, సెలవుల్లో భార్యను తెచ్చుకుని కాపురం పెట్టారు. నేనెవరో ఆయనకు తెలియదు.

"బంగాళాదుంపలు ఉన్నాయా అమ్మా?"

"లేవు సార్."

"మరి అవేమిటి?"

"అవి ఉర్లగడ్డలు."

"అవే, అవే కావాలి!"

"అవి తప్పు సార్. మీరే సున్న సుట్టినారు గదా. తప్పు సరుకు అమ్మితే మా అంగడి పేరు సెడిపోతాది."

ఆయన ముఖం జేవురించింది. పక్క అంగడికి పోతే ఆ మునెప్ప కూడా నా మాట విని, "బంగాళం సరుకు ఈడికి రాదు సార్" అన్నాడు. వరసంతా అదే పాట. మాస్టారు ఖాళీ సంచితో ఇంటికి పోయారు. ఆ రోజు నాకు పండగే అనుకోండి.

మర్నాడు సాయంత్రం ఆయన భార్య వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. చాలాసేపు ఏమీ అడగకుండా బుట్టల వైపు చూస్తూ నిలబడింది. ఏం కావాలమ్మా అంటే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏమని అడగాలో తెలియట్లేదండీ. పక్కింట్లో వెల్లుల్లి అడిగితే అందరూ ఒకటే నవ్వు. అప్పటినుంచి నోరు విప్పాలంటేనే భయంగా ఉంది."

ఈ మాట నా ఇంట్లో రోజూ వింటున్నదే. నేను తక్కెడ కింద పెట్టేలోగా నాగరత్న బుట్టల మధ్య నుంచి లేచి, "అక్కా, వెల్లుల్లి అంటే ఇదేనా? మేము తెల్లగడ్డ అంటాము. నగేవోళ్లను నగనీక్కా" అంది. ఒక్కో బుట్ట చూపిస్తూ తన మాట చెప్పి, ఆమె మాట అడిగింది. బీరకాయకు ఇద్దరి మాటా ఒకటేనని తేలగానే ఇద్దరూ పకపకా నవ్వారు. నా బిడ్డ నవ్వగా నేను విని ఎన్నాళ్లయిందో! సంచి నింపి, పైన కొసరు కూడా వేసింది. కొసరంటే తూకం అయ్యాక చేత్తో ఇష్టంగా వేసేది.

మూడోనాడు మాస్టారే వచ్చి, "మా ఆవిడకు చెప్పిన పాఠం క్లాసుకు కూడా చెబుతావా నాగరత్నా?" అని దాన్నే అడిగారు. అది నా వైపు చూసింది. నీ ఇష్టమన్నట్టు నేను తక్కెడ వైపు చూశాను.

ఆ సాయంత్రం బడి నుంచి ఒంటినిండా సుద్దపొడితో వచ్చింది. బోర్డు మీద ఉర్లగడ్డ బొమ్మ వేసి, ఎవరింట్లో ఏమంటారో రాయించారట. బోర్డు చాలక కిటికీ తలుపు మీద కూడా రాశారట. తన పేపరు నాకు చూపించింది. మూడు అలాగే ఉంది, పక్కనే 'కొసరు: మూడు' అని ఉంది. తూకమెంతో కొసరూ అంత వేసే వ్యాపారిని నేనింతవరకు చూడలేదు. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా?

"సున్నలు కొట్టెయ్యలేదే? ఉండు, రేపొచ్చి అడుగుతా."

"నువ్వు రావద్దు మా. నేనే అడుగుతాలే" అని సంచిలో పుస్తకాలు సర్దుకుంది.

నా వ్యాపారం నాకు నేర్పింది ఒకటే. అడిగేవాళ్ల నోరు మూయించిన అంగడి నెల తిరక్కుండా మూతపడుతుంది. బడి మూతపడదు, అది సర్కారుది కదా.